ఇగ్వానాకి గూడు కట్టించాలంటే: ప్లైవుడ్డా, అల్యూమినియమా, డాబా మీద జాలీయా?

మా చిట్టి, అదే మా ఇగ్వానా, తొండలాంటి పెద్ద జంతువు, ఇంటికొచ్చినప్పుడు తోకతో కలిపి జానెడు పైన ఉండేది అంతే, అందుకే ఆ పేరు. ఇప్పుడు నాలుగేళ్ళు నిండాయి, మూతి నుంచి తోక చివరిదాకా నాలుగున్నర అడుగులు, పేరు మాత్రం చిట్టే. ఈ నాలుగేళ్ళలో దానికి మూడు గూళ్ళు మార్చాను, మా అమ్మైతే "వీడింకా అద్దె కొంపలోనే ఉన్నాడు, ఆ తొండకి మాత్రం మూడో ఇల్లు కట్టించాడు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది. మొదటి గూడు చాల్లేదు, రెండోది ఉబ్బిపోయింది, మూడోది నడుస్తోంది. నాకు వదిలిన చేతి చమురు మీకు వదలకుండా ఉంటుందని దేంతో చేయిస్తే ఏమవుతుందో ఇక్కడ రాస్తున్నా, కొంచెం పొడుగైంది, టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు ఒక మాట. నేను చెప్తున్నది గ్రీన్ ఇగ్వానా గురించి, ఉడుము గురించి కాదు. మన ఉడుము 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 లో ఉంది, ఎవడైనా "అన్నా ఉడుం పిల్ల ఉంది, చవగ్గా ఇస్తా" అంటే ఫోన్ పెట్టేయండి, అది జైలు కేసు. ఇగ్వానా మధ్య అమెరికా, దక్షిణ అమెరికా వైపు జీవి, సైటిస్ (అడవి జీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) అపెండిక్స్ 2 లో ఉంటుంది కాబట్టి 2022 లో చట్టం సవరించాక 2024 లో వచ్చిన రూల్స్ ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి. ఆ కాయితం ప్రింటు తీసి గూడు తలుపుకే అంటించుకోండి, జోక్ చెయ్యట్లేదు. మా ఓనరు ఆంటీ మొదటిసారి చిట్టిని చూసి ఉడుమనుకుని ఫారెస్టోళ్ళకి ఫోన్ చెయ్యబోయింది, ఆ కాయితం చూపిస్తే గానీ ఫోన్ కింద పెట్టలా.

దేంతో చేయించాలో తర్వాత, ముందు ఇవి చూసుకోండి

సైజు. ఇక్కడే అందరం బోల్తా పడేది. కొన్నప్పుడు జానెడు, మూడేళ్ళకి నాలుగడుగుల దగ్గరికొస్తుంది, మగదైతే అయిదారు అడుగులు కూడా అవుతుంది, నాలుగయిదు కేజీలు తూగుతుంది, బాగా చూసుకుంటే పదిహేనేళ్ళ పైన బతుకుతుంది. అంటే మీరు చేయించేది ఇవాళ్టి పిల్లకి కాదు, వచ్చే పదేళ్ళ జంతువుకి. పొడుగు 6 అడుగులు, లోతు 3 అడుగులు, ఎత్తు 6 అడుగులు, పెద్దదానికి ఇంతకంటే తగ్గితే నేనైతే ఒప్పుకోను. ఎత్తెందుకంటే ఇది చెట్టెక్కే జాతి, నేల మీద ఉంటే దానికి భయం, మన అటక లాంటిది పైన ఒకటి ఉంటే రోజంతా అక్కడే పడుంటుంది. పొడుగే కావాలని పడుకోబెట్టిన పెట్టెలా చేయిస్తే డబ్బులు దండగ.

వేడి. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇంగ్లీషులో దొరికే గైడ్లన్నీ చలి దేశాలవాళ్ళు రాసినవి, వాళ్ళ బాధంతా లోపలి వేడి బయటికి పోకుండా ఎలా ఆపాలి అని. బెజవాడలో మన బాధ తిరగేసింది. ఇగ్వానా ఎండ కాచుకునే చోట 35 నుంచి 38 డిగ్రీలు ఉండాలి, నీడ వైపు 26 నుంచి 28 దాకా, రాత్రి 23 కి దిగకూడదు. ఈ లెక్కకి మనకి ఏడాదిలో చాలా నెలలు రాత్రి హీటరే అక్కర్లేదు. కానీ రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ ఉంటుంది చూడండి, గదిలోనే 40 దాటితే గూడు లోపల ఇంకో రెండు మూడు డిగ్రీలు ఎక్కువే, అప్పుడు దానికి పారిపోవటానికి చల్లటి మూల లేకపోతే సాయంత్రానికి అయిపోతుంది. మళ్ళీ డిసెంబర్, జనవరిలో తెల్లవారుజామున 18 కి కూడా వస్తుంది, అప్పుడేమో వేడి కావాలి. కాబట్టి మన గూడుకి ముఖ్యం గాలి ఆడటం, ఒక పక్క చల్లగా ఉండటం. వేడి నిలబెట్టటం రెండు నెలల పని, దానికి వెలుతురు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటరూ, వేడి ఎక్కువైతే దాన్ని ఆపేసే థర్మోస్టాటూ చాలు.

ఎండ. వట్టి వెలుతురు చాలదు, అందులో ఉండే యూవీబీ, అంటే కంటికి కనపడని అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం, అది కావాలి. అది లేకపోతే కాల్షియం ఎంత పెట్టినా ఒంటికి పట్టదు, ఎముకలు మెత్తబడి దవడ రబ్బరులా అయిపోతుంది, కాళ్ళు వాచిపోతాయి. కిటికీ అద్దం పక్కన కూర్చోబెట్టి "రోజూ ఎండ తగుల్తోంది కదా" అనుకుంటాం, మామూలు అద్దం యూవీబీని లోపలికి రానివ్వదు. కాబట్టి లోపల యూవీబీ ట్యూబు లైటైనా ఉండాలి, అది వెలుగుతున్నా ఆర్నెల్ల నుంచి ఏడాదికోసారి మార్చాలి, లేదా నేరుగా ఎండ తగలాలి. మన ఊళ్ళో ఎండకేం కరువు చెప్పండి, దాన్ని వాడుకోకపోవటం తెలివితక్కువ.

తేమ. 60 నుంచి 80 శాతం మధ్య ఉంటే దానికి హాయి, కుబుసం సరిగ్గా విడుస్తుంది. కృష్ణ ఒడ్డున ఉన్నాం కదా, వానాకాలం అదే వస్తుంది, ఏప్రిల్ మే నెలల్లో పడమటి గాలి కొట్టినప్పుడు మాత్రం రోజుకి రెండుసార్లు నీళ్ళు చల్లాలి. అంటే గూడు ఏడాదంతా తడుస్తూనే ఉంటుంది. ఈ ఒక్క పాయింటు దగ్గరే సగం మెటీరియల్స్ ఫెయిలవుతాయి.

ఇక కడగటం, బరువు, తప్పించుకోవటం. ఇది నీళ్ళ తొట్టిలోనే దొడ్డికెళ్తుంది, రోజూ కడగాలి, చెయ్యి మూలమూలకీ వెళ్ళకపోతే నెలకే కంపు. బరువు సంగతి 2024 సెప్టెంబర్ 1 న తెలిసొచ్చింది, బుడమేరు వాగు పొంగి ఊళ్ళోకి వరద వచ్చినప్పుడు సింగ్ నగర్లో మాకు తెలిసిన కుర్రాడు గ్రౌండ్ ఫ్లోర్లో ఉన్నాడు, ఇగ్వానాని దిండు గలీబులో వేసుకుని పైకెక్కాడు, గూడుని మాత్రం నలుగురు పట్టినా కదల్లేదు, అలాగే నీళ్ళలో వదిలేశారు.

1. ప్లైవుడ్ పెట్టె, ముందు అద్దం తలుపులు

అందరికీ ముందు తట్టేది ఇదే, కార్పెంటర్ దొరుకుతాడు, వార్డ్‌రోబ్ లాంటిదే కదా అంటాడు. నా రెండో గూడు ఇదే. షాపులో "తేమ తట్టుకుంటుంది సార్" అని ఎంఆర్ గ్రేడ్ అంటగట్టారు, పేరులో మాయిశ్చర్ రెసిస్టెంట్ అని ఉంటుంది నిజమే గానీ అది వంటింటి బయట అలమర్లకి సరిపోయే సరుకు, రోజూ నీళ్ళు చల్లే పెట్టెకి కాదు. మొదటి వానాకాలం బానే ఉంది, రెండో వానాకాలానికి కింది పలక అంచు వడియంలా పొంగి పొరలు పొరలుగా విడిపోయింది, తలుపు బిగుసుకుపోయి మోకాలు పెట్టి లాగాల్సొచ్చేది. వెనక పలక గోడకి ఆనించి పెట్టా, తీసి చూస్తే నల్ల బూజు, దాని వెనక సన్నటి మట్టి గీతలు, చెదలు. 16 వేలు పోయాయి.

చేయిస్తే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై, అంటే నీళ్ళు తట్టుకునే ప్లైవుడ్, తీసుకోండి, ముద్ర షీటు మీదే ఉంటుంది, బిల్లులో కూడా రాయించుకోండి. కోసిన అంచులే నీళ్ళు తాగుతాయి, పలక మధ్యలో ఏం కాదు, కాబట్టి ప్రతి అంచుకీ మూడు కోట్లు పాలీయురెథేన్ పట్టించాలి, లోపల జాయింట్లకి సిలికాన్ వెయ్యాలి. లోపలంతా సన్మైకా వేయిస్తే ఇంకా మంచిది, తుడిస్తే పోతుంది. కింద వినైల్ మ్యాట్ పరిచి అంచుల్ని గోడల మీదకి నాలుగంగుళాలు ఎత్తి అంటించండి, అప్పుడు నీళ్ళు మూలల్లోకి దిగవు. వాసన పూర్తిగా పోయేదాకా, నా లెక్కలో రెండు మూడు వారాలు, తలుపులు తీసి వదిలెయ్యండి, పెయింటు కంపులో జంతువుని పెట్టొద్దు. గోడకి ఒక అరచెయ్యి సందు, కింద ఇనప కాళ్ళు, మెరైన్ అయినా ఇవి రెండూ మర్చిపోవద్దు.

దీని గొప్పతనం ఏంటంటే చెక్క వేడినీ చలినీ ఆపుతుంది, డిసెంబర్ రాత్రి చిన్న హీటరుతో సరిపోతుంది. కానీ అదే గుణం మే నెలలో ఎదురు తిరుగుతుంది, మూసిన చెక్క పెట్టె వేడెక్కితే అర్ధరాత్రి దాకా చల్లారదు. ఒక పక్క గోడ కింద, ఇంకో పక్క గోడ పైన అడుగు వెడల్పు జాలీ కిటికీలు పెట్టించి పైదానికి పాత కంప్యూటర్ ఫ్యాన్ బిగిస్తే వేడిగాలి బయటికి లాగేస్తుంది. బరువు మాత్రం తగ్గదు, 18 ఎంఎం షీటు ఒకటి దాదాపు 35 కేజీలు, ఈ సైజుకి మూడున్నర షీట్లు పోతాయి, అద్దాలు అదనం. మా మెట్లు మలుపు తిరిగే దగ్గర ఇరుక్కుంటే కార్పెంటర్ మళ్ళీ ఊడదీసి పైన బిగించాడు, ఇంకో వెయ్యి. ముందే మెట్ల మలుపు టేపు పెట్టి కొలుచుకోండి.

2. పీవీసీ, డబ్ల్యూపీసీ బోర్డులు

పీవీసీ అంటే ప్లాస్టిక్ బోర్డు, డబ్ల్యూపీసీ అంటే ప్లాస్టిక్‌లో చెక్క పొడి కలిపింది, ఇప్పుడు వంటింటి అలమర్లన్నీ వీటితోనే చేస్తున్నారు కదా. నీళ్ళకి చెక్కు చెదరదు, చెద పట్టదు, నీళ్ళ పైపు పెట్టి కడుక్కోవచ్చు. మరి ఇదే బెస్టు కదా అంటారేమో, రెండు తిరకాసులున్నాయి. ఒకటి వేడి బల్బు దగ్గర మెత్తబడి వంగుతుంది, బల్బుకీ బోర్డుకీ కనీసం అడుగు దూరం ఉంచాలి. రెండోది స్క్రూ పట్టు తక్కువ, అయిదు కేజీల జంతువు పై అటక మీద నుంచి దూకితే ఆ స్క్రూలు నెమ్మదిగా వదులైపోతాయి, అటకల కింద అల్యూమినియం యాంగిల్ వేసి బోల్టు, నట్టుతో బిగించాలి. ఇవి చూసుకుంటే మెరైన్ ప్లై కన్నా తలనొప్పి తక్కువ. బోర్డు కొనేటప్పుడు గోరుతో గీకి చూడండి, గాటు పడిందంటే గట్టిదనం లేని సరుకు, దాని గోళ్ళకి ఆర్నెల్లు కూడా ఆగదు.

3. అల్యూమినియం సెక్షన్, వెనక ఏసీపీ, ముందు అద్దం

ఆఫీసులకి పార్టిషన్లు, షాపులకి కౌంటర్లు కట్టేవాళ్ళతో చేయించుకునేది. ఇప్పుడు చిట్టి ఉన్నది ఇందులోనే. అయిదు ఫ్రేములు విడివిడిగా చేసి బోల్టులతో బిగించమన్నా, వాళ్ళు రివిట్ కొట్టేస్తాం సార్ గట్టిగా ఉంటుంది అన్నారు, వద్దు బోల్టే కావాలని పట్టుబట్టా. దాని విలువ నిరుడు ఇల్లు మారినప్పుడు తెలిసింది, గంటలో ఊడదీసి ఆటో ట్రాలీలో వేసుకుని సత్యనారాయణపురంలో రెండో అంతస్తుకి నేనూ తమ్ముడూ ఇద్దరమే మోసేశాం. అద్దెకుండేవాళ్ళకి ఈ ఒక్క సుఖం చాలు.

వెనకా పక్కలా ఏసీపీ షీటు (మధ్యలో ప్లాస్టిక్, రెండు వైపులా పలచటి అల్యూమినియం ఉన్న పలక), పైన సగం జాలీ, ముందు 5 ఎంఎం అద్దం జరిపే తలుపులు. మొత్తం అద్దమే పెట్టించొద్దు, చూట్టానికి జ్యూయలరీ షాపులా ఉంటుంది గానీ 5 ఎంఎం అద్దం చదరపు అడుగుకి కేజీ పైనే తూగుతుంది, పైగా నాలుగు పక్కలా కనిపిస్తుంటే ఇగ్వానాకి దాక్కునే చోటు లేక బెదురు. జరిపే అద్దాన్ని అది గోళ్ళతో తోసేసి వెళ్ళిపోతుంది, చిట్టి రెండుసార్లు వెళ్ళింది, రెండోసారి ఫ్రిజ్ మీద దొరికింది, అమ్మ ఆ రోజు వంట చెయ్యలా. షాపు షోకేసులకి వేసే పళ్ళ తాళం ఒకటి దొరుకుతుంది, అది వేస్తే ఇక కదల్లేదు.

లోపం ఏంటంటే చలికాలం వేడి నిలవదు, సెక్షన్ అంతా చల్లబడిపోతుంది. రాత్రి వెనకా పక్కలా పాత దుప్పటి కప్పి సిరామిక్ హీటర్ వేస్తే 24 దగ్గర నిలబడుతోంది, హీటర్ ఉన్న వైపు మాత్రం దుప్పటి తగలనివ్వను. ఖర్చు కూడా ఎక్కువే, నాకు 28 వేలు అయింది. ఎండాకాలం మాత్రం ఇదే రాజా, సాయంత్రం కిటికీ తీసి ఫ్యాన్ వేస్తే పావుగంటలో చల్లారిపోతుంది.

ఇంకోటి, గదిలో ఏసీ ఉంటే అక్కడ పెట్టొద్దు, తేమంతా పీల్చేస్తుంది. ఎయిర్ కూలర్ ఉన్న హాల్లో పెట్టండి, గాలి నేరుగా దాని మీదకి రాకుండా చూసుకుంటే తేమ, చల్లదనం రెండూ ఒకే ఖర్చులో అయిపోతాయి. ఏ ఇంగ్లీషు గైడ్లోనూ కూలర్ మాట నాకు కనపళ్ళా.

4. డాబా మీద ఇనప జాలీ గూడు

గుంటూరు కొరిటెపాడులో మా బావకి సొంతిల్లు, సొంత డాబా, అందుకని ఆటోనగర్లో వెల్డింగ్ చేయించి ఏకంగా ఎనిమిదడుగుల పొడుగు గూడు పెట్టాడు. అంగుళం చదరపు పైపు ఫ్రేము, దానికి అరంగుళం గళ్ళ జీఐ (జింకు పూత వేసిన ఇనుము) వెల్డ్ మెష్, రెడ్ ఆక్సైడ్ కొట్టి పైన ఎనామిల్. మొత్తం 22 వేలు, అంత సైజుకి అంత చవగ్గా ఇంకేదీ రాదు, పైగా నిజమైన ఎండ. ఆయన మగ ఇగ్వానా రంగూ ఒళ్ళూ చూస్తే మా చిట్టి దాని ముందు కరువులో పుట్టినట్టుంటుంది.

అయితే ఆ గూడు ఈ రూపానికి రావటానికి రెండేళ్ళు పట్టింది. మొదట పైన ఇనప రేకు వేశాడు, నీడ కోసం. ఏప్రిల్లోనే మధ్యాహ్నం రేకు కింద నిలబడితే మనకే మాడు మాడిపోయేది, కింద డాబా సెగ, పైన రేకు సెగ, మధ్యలో జంతువు, పెనం మీద అట్టే ఇక. అదృష్టం బావుండి రెండో రోజే అక్క చూసి నోరు తెరుచుకుని రొప్పుతోందని కిందకి తెచ్చేసింది. తర్వాత రేకు పీకేసి నర్సరీలవాళ్ళు వాడే గ్రీన్ నెట్ రెండు పొరలు, దాని మీద తాటాకు, సగం గూడుకి మాత్రమే. మిగతా సగం ఆకాశం. గూడుని నేల నుంచి రెండడుగులు ఎత్తించాడు, డ్రిప్పు సామాన్లు అమ్మే షాపులో ఫాగర్లు తెచ్చి బిగించాడు, ఒక కుళాయి తిప్పితే మంచులా పడుతుంది.

మధ్యలో ఒక తెలివి చూపించాడు, అది చెప్పకపోతే పాపం. చల్లగా ఉంటాయని పాత గోతాలు తడిపి జాలీకి వేలాడగట్టాడు, మంచి ఐడియానే, కానీ గుంటూరులో పాత గోతాలంటే ఎక్కడ్నించి వస్తాయి చెప్పండి, మిర్చి టిక్కీలవి, అంటే మిరపకాయల బస్తాలవి. తడవగానే ఘాటు లేచింది. ఇగ్వానా మామూలుగానే ఒంట్లో ఎక్కువైన ఉప్పుని తుమ్మి బయటికి పంపుతుంది, ఆ రోజు అది తుమ్మినదానికీ ఉప్పుకీ సంబంధం లేదు. పక్కింటివాళ్ళతో సహా అందరూ తుమ్మారు. గోతాలు కావాలంటే బియ్యం కొట్లో అడిగి తెచ్చుకోండి.

జాలీ దగ్గర జాగ్రత్తలు. ఆరు కోణాల కోళ్ళ జాలీ వద్దే వద్దు, పలచగా ఉంటుంది, వేళ్ళు ఇరుక్కుని గోళ్ళు ఊడతాయి. జాలీని ఫ్రేముకి లోపలి వైపు నుంచి బిగించి కోసిన కొసలు బయటికి మడిచెయ్యాలి. కొత్తలో అది ముక్కుతో జాలీని నెట్టి నెట్టి మూతి చెక్కుకుంటుంది, కింది అడుగున్నర మేర లోపల నున్నటి షీటు కడితే బయట కనపడక మానేస్తుంది. పిల్లులు, కాకులు, కొండ పక్క ఇళ్ళయితే కోతులు, వీటి కోసం గడియతో పాటు తాళం కూడా. ఇంకా తుఫాన్లు. 2023 డిసెంబర్లో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు బావ గూడు ఖాళీగా ఉండబట్టి సరిపోయింది, డాబా మీద నాలుగడుగులు జరిగి పిట్టగోడకి కొట్టుకుంది. ఇప్పుడు నాలుగు కాళ్ళకీ స్లాబులోకి యాంకర్ బోల్టులు ఉన్నాయి.

చివరికి తేలిందేంటంటే ఇది ఏడాది పొడుగునా ఉండే ఇల్లు కాదు. మే నెలలో ఉదయం 8 నుంచి 10 దాకా, చలికాలం పగలంతా, మిగతా టైమంతా ఇంట్లో. అంటే ఇంట్లో ఇంకో గూడు ఎలాగూ కావాలి.

5. పాత బీరువా, పాత షోకేసు

నా మొదటిది షోకేసే, మూసేసిన ఫ్యాన్సీ షాపుది, 2,500 కి వచ్చింది. పిల్లకి ఏడాదిన్నర బాగానే పనికొచ్చింది, తర్వాత తోక మడుచుకుని పడుకోవాల్సొచ్చింది. పిల్ల ఉన్నప్పుడు తాత్కాలికంగా అయితే తప్పు లేదు, గాలికి పక్కన రెండు చోట్ల కోయించుకుని వాడుకోండి.

బీరువా మాత్రం వద్దు. ఇనప డబ్బా, లోతు చాలదు, గాలి లేదు. అన్నిటికన్నా పెద్ద తంటా కలరా ఉండలు. మన బీరువాల్లో ఇరవయ్యేళ్ళ నుంచి అవి వేసి వేసి ఆ వాసన పెయింట్లోకి ఇంకిపోయి ఉంటుంది, ఎంత కడిగినా ఎండపెట్టినా వేడెక్కితే మళ్ళీ వస్తుంది, అది విషం. చవగ్గా వచ్చిందని మురిసిపోవద్దు.

6. గదే ఇచ్చెయ్యటం

స్టోర్ రూమో, మేడ మీద చిన్న గదో ఖాళీగా ఉంటే అసలు గూడే అక్కర్లేదు. కిటికీకి జాలీ, గోడలకి అటకలు, మూలనుంచి మూలకి ఒక జామ కొమ్మ, నేలకి టైల్స్, నీళ్ళు పోయే తూము. డబ్బు తక్కువ, చోటు ఎక్కువ. కాకపోతే గది మొత్తం వేడి, తేమ పట్టుకోవటం కష్టం, ఎండ కాచుకునే చోట ఒక్కటే బల్బు పెట్టి మిగతాది వదిలెయ్యాలి. మేడ మీద గదైతే పై స్లాబుకి తెల్ల కూల్ పెయింటు వెయ్యకుండా మే నెల దాటించొద్దు.

ఒక్కచోట చూసుకోవాలంటే ఇదిగో:

| దేంతో | మే నెల | వానాకాలం | డిసెంబర్ రాత్రి | మోసుకెళ్ళటం |
|---|---|---|---|---|
| ఎంఆర్ ప్లై | వేడి పట్టేస్తుంది | ఉబ్బుతుంది | బాగు | కష్టం |
| మెరైన్ ప్లై | ఫ్యాన్ పెడితే ఫరవాలేదు | అంచులు సీల్ చేస్తే ఆగుతుంది | చాలా బాగు | కష్టం |
| పీవీసీ, డబ్ల్యూపీసీ | ఫ్యాన్ కావాలి, బల్బు దూరంగా | ఢోకా లేదు | బాగు | కొంచెం నయం |
| అల్యూమినియం, ఏసీపీ | బాగా చల్లారుతుంది | ఢోకా లేదు | దుప్పటి, హీటర్ తప్పవు | ఇద్దరు చాలు |
| డాబా జాలీ | 10 దాటితే లోపలికి తేవాలి | తుప్పు చూసుకోవాలి | ఉంచకూడదు | యాంకర్ వేశాక కదలదు |
| పాత షోకేసు | గాలికి కోయించాలి | చెక్కని బట్టి | పిల్లకి సరే | తేలిక |
| గది | స్లాబు మీద ఆధారం | బాగు | ఒక మూలే వేడి | ప్రశ్నే లేదు |

మీది ఏ ఇల్లు అన్నదాన్ని బట్టి

అద్దె ఫ్లాట్ అయితే ఆలోచించకుండా అల్యూమినియం, బోల్టులతో. 28 వేలు ఎక్కువనిపిస్తే పీవీసీ బోర్డుతో అదే పద్ధతిలో ఊడదీసేలా చేయించుకోండి, ప్లై జోలికి మాత్రం పోవద్దు, ఇల్లు మారిన ప్రతిసారీ దాని ఆయుష్షు సగమవుతుంది.

సొంతిల్లు, కదిలించే పని లేదు, మేడ మీద హాలు ఉంది అంటే మెరైన్ ప్లై మంచి పెట్టుబడి, ఇంట్లో ఫర్నిచర్లా కూడా ఉంటుంది, వచ్చినవాళ్ళు భయపడరు. గ్రౌండ్ ఫ్లోర్, పైగా కాలవ పక్కన అయితే పీవీసీనో అల్యూమినియమో, రెండడుగుల స్టాండు మీద.

డాబా ఉన్నవాళ్ళు పెద్ద జాలీ గూడు ఒక్కటే కట్టి చేతులు దులుపుకోవద్దు. నన్నడిగితే ఎవరికైనా చెప్పేది ఒకటే, ఇంట్లో ఒకటి మామూలుగా, దాంతో పాటు బాల్కనీలోనో డాబా మీదో మూడడుగుల చిన్న జాలీ పెట్టె చక్రాలతో, పొద్దున రెండు గంటలు ఎండకి. ఇంట్లో గూడుకి పెట్టే హంగుల మీద అయిదారు వేలు తగ్గించుకుంటే ఈ చిన్నది వచ్చేస్తుంది, యూవీబీ ట్యూబు పాతబడ్డా గండం గడుస్తుంది. కరెంటు పోయినా అంతే.

ఇంట్లో పాకే పిల్లలుంటే జాలీ వద్దు, మూసిన గూడే, తాళం పైన. వీటి నుంచి సాల్మొనెల్లా అంటుతుంది, గూట్లో చెయ్యి పెట్టిన ప్రతిసారీ సబ్బుతో కడుక్కోవాలి, ఆ తొట్టి వంటింటి సింకులో కడగకూడదు. ఇక హాస్టల్లో, ఒక్క గదిలో ఉండే తమ్ముళ్ళు "చిన్నదే కదా అన్నా" అంటూ అడుగుతుంటారు. వద్దు రా. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంటారు, ఇది ముదిరి మంచం అంత అవుతుంది.

ఏది చేయించినా వదలకూడనివి

కొమ్మ దాని ఒంటి లావు ఉండాలి, సన్నకొమ్మ మీద పడుకోలేదు. జామ కొమ్మ గట్టిగా ఉంటుంది, బెరడు రాలదు, ఎండబెట్టి రెండు కొసలూ బోల్టుతో బిగించండి, తాళ్ళు నమ్ముకోవద్దు. బల్బులకీ హీటర్‌కీ జాలీ తొడుగు తప్పనిసరి, ఇది వేడి కోసం వెళ్ళి బల్బుని కావిలించుకుంటుంది, కాలుతున్నా వెంటనే తెలుసుకోదు. వేడి రాళ్ళని అమ్ముతారు, కొనొద్దు, పొట్ట కాలుతుంది. కింద పాత పేపర్లే వెయ్యండి, ఇసక, రంపపు పొట్టు తింటే పేగులో ఇరుక్కుంటుంది.

నీళ్ళ తొట్టి కింద సింకుకి వాడే వేస్ట్ కప్లింగ్, అంగుళంన్నర పైపు, బక్కెట్టు. ఈ మూడు వందల రూపాయల పనికి నేను మూడేళ్ళు ఆలస్యం చేశా, రోజూ మగ్గుతో తోడి పోసేవాణ్ణి, ఇప్పటికీ తల్చుకుంటే నడుం పట్టేస్తుంది.

చీమలు. మునగాకు, మందారాలు, గుమ్మడి ముక్కలు, వారానికోసారి బొప్పాయి, ఇవి పెడతాం కదా, గంటలో చీమల బారు. చీమల మందు గీత గీశారనుకోండి, అది నాలుకతో తడుముతూ తిరిగే జంతువు, అయిపోయినట్టే. మా అమ్మమ్మ జాలీ అలమర కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టేది, పాలూ పెరుగూ అందులోనే ఉండేవి, అచ్చం అదే చేశా. స్టాండు నాలుగు కాళ్ళ కింద నాలుగు ప్లాస్టిక్ గిన్నెలు, రెండ్రోజులకోసారి నీళ్ళు మార్చాలి, లేకపోతే దోమలు.

గూడు తయారవగానే జంతువుని దించెయ్యకండి. ఖాళీగా వారం రోజులు లైట్లు, ఫ్యాను, నీళ్ళు చల్లటం అన్నీ మామూలుగా నడపండి, పై అటక మీద ఒకటి, కింద నీడ మూల ఒకటి రెండు థర్మామీటర్లు పెట్టి మధ్యాహ్నం రెండింటికీ తెల్లవారి అయిదింటికీ రాసుకోండి. నాది మొదటి రోజు పై అటక 43 చూపించింది, బల్బు 100 వాట్ల నుంచి 60 కి మార్చి, పై జాలీ ఇంకో అడుగు తెరిపిస్తే నాలుగో రోజుకి 37 కి వచ్చింది. చిట్టిని ఎనిమిదో రోజు పెట్టా.